నిప్పు లోపలికి

ఎవరైనా నా ఎదురుగా ఆవలిస్తే నా చూపు వాళ్ళ నోట్లోకి పోతుంది. పళ్ళ మీదికి కాదు, ఇంకా పైకి, అంగిలి మీదికి. మర్యాద కాదని నాకూ తెలుసు. బస్సులో ఎదుటి సీటావిడ ఆవలిస్తూ, నేను చూడటం గమనించి చటుక్కున చెయ్యి అడ్డం పెట్టుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. మా పిల్లలైతే ఆవలింత వస్తే మొహం గోడ వైపు తిప్పుకుంటారు. "ఇదేం పిచ్చమ్మా నీకు" అంటారు. పిచ్చే. పొద్దున్నే మొహం కడుక్కుని, అద్దం ముందు తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి చూసుకున్నాకే కాఫీ తాగుతాను. నేను ఎన్నడూ చుట్ట ముట్టలేదు, వక్కపలుకు కూడా నమలలేదు. అయినా చూసుకుంటాను. అక్కడ నాకు మా అత్త నోరు కనిపిస్తుందేమోనని భయం.

మా అత్త అంటే మా నాన్నకి స్వయానా అక్క. నన్ను తన కొడుక్కి చేసుకుంది కాబట్టి నాకు రెండు విధాలా అత్తే. అందుకే మా మధ్య అత్తాకోడళ్ళ మర్యాదలేవీ ఉండేవి కావు. నేను ఆమెను నువ్వనేదాన్ని, ఆమె నన్ను నోటికొచ్చినట్టల్లా అనేది. చిలకలూరిపేట నుంచి ఒంగోలు పోయే రోడ్డు దిగి లోపలికి నడిస్తే మా ఊరు. చుట్టూ నల్లరేగడి, ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. ఎనభైల మొదట్లో నేను కాపురానికి వచ్చేసరికే మా మామ పోయి చాలా కాలమైంది. మా ఆయన బస్సు కండక్టరు. నేను ఊళ్ళోని మిషను బడిలో టీచర్ని. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, ఇక కూలికి పోవద్దు అంటే అత్త వినేది కాదు. "ఇంట్లో కూర్చుని నీ మొహం చూస్తా ఉండమంటావా" అనేది.

మా పల్లెలో అత్తకి పాట వల్ల పేరు. ఆదివారం చర్చిలో పాట ఎత్తేది ఆమే. చదువు రాదు, పాటల పుస్తకం ఎన్నడూ తెరిచింది లేదు. పాదిరిగారు, మేమందరం అయ్యగారనే వాళ్ళం, పాట నంబరు చెప్పి మొదటి మాట అనేసరికి ఆమె అందుకునేది. ఆ తరవాతే కంజరా, తాళాలూ, మిగతా జనమూ. సన్నటి గొంతు కాదు. బరువైన గొంతు, ఎక్కడా వణకదు. మా అక్క పాడితే బయట కట్టేసిన ఎడ్లు కూడా నెమరు ఆపి వింటాయని మా నాన్న ఎగతాళి చేసేవాడు. ఎగతాళి చేస్తూనే కళ్ళు తుడుచుకునేవాడు. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి విన్న గొంతు అది. దేవుడికి గొంతంటూ ఉంటే ఇలాగే ఉంటుందని చిన్నప్పుడు అనుకునేదాన్ని.

ఆమెకు చుట్ట కూడా ఉండేది. దాని సంగతి మాత్రం గుట్టు.

పత్తి తీసే చేలో నిప్పు కనపడితే ఆసామి ఊరుకోడు. ఒక్క రవ్వ ఎగిరితే ఏడాది కష్టం కళ్ళముందే మసైపోతుంది. అందుకని పత్తితీతకు పోయే ఆడవాళ్ళలో కొందరు చుట్టను తిరగేసి తాగేవాళ్ళు. వెలిగిన కొస నోటి లోపల, ఆరిన కొస పెదాల మధ్య. దాన్ని అడ్డపొగ అంటారు. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళలో ఇది బాగా ఉందని తరవాత విన్నాను. మా చేలల్లోకి ఎవరు తెచ్చారో తెలియదు గానీ, పత్తికి మాత్రం భలే కుదిరింది. రవ్వ ఎగరదు. గాలికి ఆరదు. రెండు చేతులూ పత్తి తీయడానికి ఖాళీగా ఉంటాయి. బూడిద నాలుక మీద రాలితే ఉమ్మేస్తే సరిపోతుంది. ఆసామికి నిశ్చింత, కూలీకి చుట్ట. ఆ నిప్పు ఎక్కడ కాలుతోందని ఎవరూ ఆలోచించలేదు.

అత్తకి ఇంకో లాభం కూడా ఉంది. పొగాకు మీద అయ్యగారు ఏడాదికి రెండు మూడు ప్రసంగాలైనా చేసేవారు. ఆడవాళ్ళు చుట్ట తాగడమంటే ఆయనకు మరీ కిట్టదు. పాట ఎత్తే మనిషి చుట్ట తాగుతుందని తెలిస్తే ముందు వరసలోంచి లేపేస్తారని అత్తకి భయం. నిప్పు లోపల పెట్టుకుంటే దూరానికి ఏమీ తెలియదు. ఒకసారి మేమిద్దరం చేలో నుంచి వస్తుంటే అయ్యగారు సైకిలు మీద ఎదురొచ్చారు. అత్త పెదాలు మూసి, చుట్ట మొత్తం బుగ్గలోకి లాక్కుని, చేతులు జోడించి, "వందనాలయ్యగారూ" అంది. ఆయన సైకిలు దిగి మా ఆయన గురించీ, వానల గురించీ తీరిగ్గా అడిగారు. అత్త అన్నిటికీ జవాబు చెప్పింది. ఆయన అటు వెళ్ళాక నోరు తెరిచి గుప్పున పొగ వదిలి, పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. 

కొత్త కాపురంలో మా మొదటి పోట్లాట కారం దగ్గర వచ్చింది. పండుమిరపకాయల పచ్చడి వట్టి అన్నంలో కలుపుకుని, మధ్యమధ్య పచ్చిమిరపకాయ కొరుక్కునే మనిషి, ఒకరోజు నేను వండిన వంకాయ కూర నోట్లో పెట్టుకుని చేత్తో మూతి మూసుకుంది.

"ఏందే ఇంత కారం? మనుషులు తినాలా వద్దా?"

"నువ్వు దంచిన కారమే అత్తా. నా మీద పెట్టమాక."

మర్నాడు తగ్గించి వేశాను. అదీ మండిందంది. ఇంకా తగ్గించాను. చివరికి మా ఆయన "ఇదేమన్నా జ్వరం పథ్యమా" అని అడిగే దాకా వచ్చింది మా ఇంటి కూర. అత్త మాత్రం ఇంత పెరుగన్నం తిని లేచిపోయేది. ఈ సంగతి పల్లెలో పాకింది. ఉద్యోగం చేసే కోడలు, అత్తకి కూర కూడా వేయకుండా పెరుగన్నంతో సరిపెడుతోందని కుళాయి దగ్గర చెప్పుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. బిందె అక్కడే దించి, నాలుగూ దులిపి వచ్చాను. ఆ పూట కావాలనే గోంగూరలో ఎండుమిరపకాయలు దండిగా వేసి నూరి అత్త ముందు పెట్టాను. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ రెండు ముద్దలు తిని, "నా వల్ల కాదే" అని కంచం పక్కకు జరిపింది. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. మా వైపు కారం తినలేనివాళ్ళంటే చంటిపిల్లలే.

మరి జబ్బని ఎందుకు అనుకోలేదు అంటే, మాది మిరప పండే ఊరు. కోతలప్పుడు ఆడవాళ్ళకి చేతులు, కళ్ళు, పెదాలు అన్నీ మండుతూనే ఉంటాయి. కల్లంలో ఎండుకాయ పోగేస్తుంటే ఆ ఘాటుకు తుమ్మని మనిషి ఉండదు. నోరు మండుతోందంటే అందరి వేలూ మిరపకాయ వైపే చూపించేది. "వేడి చేసింది, మిరపకాయల వేడి" అన్నారు. సబ్జాగింజల నీళ్ళు తాగమన్నారు, మజ్జిగ పుక్కిలించమన్నారు. పక్క ఊరి ఆరెంపీ డాక్టరు బికాంప్లెక్స్ బిళ్ళలు ఇచ్చి, నాలుకకి ఊదారంగు మందు పూసుకోమన్నాడు. కొన్నాళ్ళు మా అత్త నాలుక నేరేడుపళ్ళు తిన్నట్టు ఉండేది. కోతలైతే తగ్గుద్ది అంది. కోతలయ్యాయి. ఎండలు పోతే తగ్గుద్ది అంది. వానలు పడ్డాయి. నేను నోరు తెరిచి చూపించమంటే, "నా నోట్లో ఏముందే నీకు, పళ్ళు లెక్కపెడతావా" అని కసిరేది. చుట్ట మరకలు కొడుకు కంటపడతాయని ఆమె బాధ. కొడుక్కి తెలియదనే అనుకునేది పాపం.

చివరికి ఆమెను గుంటూరు కదిలించింది పన్ను. పై వరసలో కుడివైపు దవడపన్ను ఊగడం మొదలైంది. పుచ్చలేదు, నెప్పి లేదు, ఊరికే ఊగుతోంది. పన్ను పీకించుకోవడానికి ఆమెకు అభ్యంతరం లేదు. ఒక సెలవురోజు ముగ్గురం బస్సెక్కి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

డాక్టరుగారు పెద్దాయన. పట్టకారు బల్లమీద సిద్ధంగా పెట్టుకుని, దీపం దగ్గరికి లాగి, అత్త తల వెనక్కి వాల్చమన్నారు. నోట్లోకి చూశారు. చిన్న అద్దం పెట్టి మళ్ళీ చూశారు. పట్టకారు తీసి అవతల పెట్టేశారు. మా ఆయన వైపు తిరిగి, "మీరు కాసేపు బయట కూర్చోండి బాబూ" అన్నారు. ఆయన వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి, నెమ్మదిగా అడిగారు.

"అమ్మా, చుట్ట నిప్పు లోపల పెట్టుకుని తాగుతారా?"

 అత్త నా వైపు ఉరిమి చూసింది, నేనే చెప్పేశాననుకుని.

"తమరికి ఎవరు చెప్పారండీ?"

"మీ అంగిలే చెప్తోందమ్మా."

నన్ను దగ్గరికి రమ్మని చూపించారు. నేను అంతవరకు ఎవరి అంగిలీ చూడలేదు. గులాబీ రంగులో ఉండాల్సింది, ఎండి బీటలిచ్చిన సున్నం గోడలా తెల్లగా ఉంది. ఆ తెలుపు మీద ఎర్రటి చుక్కలు. వెనక కుడివైపు, ఊగే పన్నుకు పైన, చింతగింజంత పుండు. అంచులు గట్టిపడి పైకి లేచి ఉన్నాయి. డాక్టరుగారు వేలితో నొక్కితే అత్త ఉలిక్కిపడలేదు.

"నెప్పి లేదు కదా? నాకు భయం అదేనమ్మా. నెప్పి పుట్టే పుండైతే మీరు ఎప్పుడో వచ్చేవాళ్ళు. తెలుపు ముందొస్తుంది. అప్పుడు చుట్ట మానేస్తే చాలామందికి అదే తగ్గిపోతుంది. రెండు మూడు వారాలైనా మానని పుండు నోట్లో ఎక్కడున్నా, నెప్పి ఉన్నా లేకపోయినా, దాన్ని వేడి అనుకుని వదిలేయకూడదు. ఆ పన్ను ఊగడానికి కారణం కూడా ఈ పుండే. ఇప్పుడు పన్ను పీకితే తప్పు చేసినవాణ్ణవుతాను."

పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చారు. లేచేటప్పుడు అత్త ఆయన చేయి పట్టుకుంది. "అయ్యా, చుట్ట సంగతి మావాడికి చెప్పొద్దండి" అంది. పుండు గురించి ఒక్క మాట అడగలేదు.

పెద్దాసుపత్రిలో పుండు అంచున చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. అనుకున్నదే అయింది, క్యాన్సరు. అంగిలిలో ఆ పక్క ఎముకతో సహా తీసెయ్యాలన్నారు. తరవాత ఆ ఖాళీని మూయడానికి కట్టుడుపళ్ళలాంటి ప్లేటు చేసిస్తారు, దాన్ని పెట్టుకుని తినొచ్చు, మాట్లాడొచ్చు. ఆపై కరెంటు పెట్టాలి. రేడియేషనుకి మా వైపు అదే పేరు. ఇప్పుడే చేయించుకుంటే బతికే అవకాశం బాగా ఉందన్నారు. ఆపరేషను చేసే డాక్టరు కుర్రవాడు, ఓపికగా బొమ్మ గీసి మరీ చెప్పాడు. అత్త అంతా విని ఒకే ప్రశ్న వేసింది.

"పాడగలనా అయ్యా?"

 "మాట వస్తుందమ్మా, అలవాటైతే బాగానే వస్తుంది. పాట సంగతి నేను చెప్పలేను" అన్నాడు. అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని ఆ క్షణాన అతని మీద కోపం వచ్చింది.

అత్త ఇంటికొచ్చి మంచమెక్కి, ఆపరేషను వద్దంది. ఊళ్ళో వాళ్ళూ తలా ఒక మాట వేశారు. కత్తి తగిలితే అది ఇంకా పాకుతుందని ఒకరు, పలానావాళ్ళు కోయించుకుని నెల తిరక్కుండా పోయారని ఇంకొకరు. మా ఆయన తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది.

"పాట కావాలా నీకు, ప్రాణం కావాలా?" అని అరిచాను.

"రెండూ ఒకటే అనుకున్నానే ఇన్నాళ్ళూ" అంది, గోడవైపు చూస్తూ.

వారం వారం ఆమె చర్చికి వెళ్ళి పాట ఎత్తుతూనే ఉంది. నేను పక్కన కూర్చుని వినేదాన్ని. ఒక్కో మాట ముక్కులోంచి రావడం మొదలైంది. మిగతావాళ్ళు పడిశం అనుకున్నారు. పాట పైకి వెళ్ళే చోట ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం, తరవాత ఆ కొంగు మీద ఎర్రటి చార ఉండటం నేను చూశాను. నా చేతిలో ఉంటే ఆ చర్చిలోంచే ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకుపోయేదాన్ని. బతికి ఉన్న మనిషి నా పక్కనే కూర్చుని, నా కళ్ళముందే పోతోంది. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు.

అలాంటి ఒక ఆదివారం పాట సగంలో ఆమె గొంతు ఆగిపోయింది. ఎత్తిన మనిషి ఆగితే పాటా ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. కంజర సాగింది, వెనక వరసల్లో ఆడవాళ్ళు అందుకున్నారు, పాట చివరిదాకా ఎక్కడా తొట్రుపడకుండా వెళ్ళిపోయింది. అత్త తలొంచుకుని విన్నది. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "నేను లేకపోయినా సాగిందే" అంది. కాసేపు అరుగు మీద కూర్చుంది. "పద, కోయించుకుంటా. మీ ఆయనకి చెప్పు" అంది. నేను సంతోషించాలి. ఆమె మొహం చూస్తే సంతోషం రాలేదు.

ఆపరేషను అయింది. ఆసుపత్రికి అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆయన్ను గుమ్మం దాకా సాగనంపుతూ, చుట్ట సంగతి ఎలా తప్పించాలా అని నేను మాటలు వెతుక్కుంటుంటే ఆయనే అన్నారు, "ఎదురుగా నిలబడి వందనాలంటే ఆ వాసన నాకు తెలియదా అమ్మా? ఇరవై ఏళ్ళ నుంచీ తెలుసు. ఆ గొంతు పోగొట్టుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను." ఆ మాట నేను అత్తకి చెప్పలేదు. ఎవరికి దాచాలని నిప్పు నోట్లో పెట్టుకుందో ఆయనకు అంతా తెలుసని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పుండు మాని ప్లేటు వచ్చేదాకా ఆమె మాట మాట కాదు. అచ్చులు మాత్రమే వచ్చేవి, అవి కూడా ముక్కులోంచి, గుహలో నుంచి పిలిచినట్టు. నీళ్ళు తాగితే ముక్కులోంచి కారేవి. నన్ను పిలిస్తే నాకు భయం వేసేది. నన్ను ఎత్తుకు పెంచిన మనిషంటే నాకు భయమేమిటని సిగ్గేసేది, అయినా వేసేది. పంపు దగ్గర నిలబడి నన్ను నేను తిట్టుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళేదాన్ని. రోజులు గడిచేకొద్దీ ఆ మాటలు నాకు అర్థం కావడం మొదలైంది. నాకు తప్ప ఇంకెవరికీ అయ్యేవి కావు.

ప్లేటు వచ్చాక మాట దాదాపు తిరిగి వచ్చింది. ఆమె చేసిన మొదటి పని ఏమిటంటే, ఒక శనివారం నన్ను వెంటబెట్టుకుని పత్తి చేలోకి వెళ్ళడం. ఆడవాళ్ళు గట్టుమీద అన్నాలకి కూర్చున్నారు. అత్త ఎండకు ఎదురుగా నిలబడి, ప్లేటు తీసి అరచేతిలో పెట్టుకుని, తల వెనక్కి వాల్చి నోరు తెరిచింది. ఇన్నేళ్ళూ ఎవరికీ నోరు చూపించని మనిషి. ఎండ నేరుగా లోపలికి పడింది. అంగిలి ఉండాల్సిన చోట చీకటి, దాని వెనక ముక్కు లోపలి ఎరుపు. ఒకావిడ కంచం వదిలేసి లేచిపోయింది. ఒకావిడ మొహానికి కొంగు కప్పుకుంది. అత్త ఏదో చెప్పింది. ఎవరికీ అర్థం కాక అందరూ నావైపు చూశారు.

"మీ నోళ్ళు కూడా తెరిచి చూపించమంటోంది" అన్నాను. "నన్ను చూడమంటోంది."

అలా మొదలైంది నేను నోళ్ళలోకి చూడటం. టీచర్ని కాబట్టి తెరవమంటే తెరిచారు. చాలామందికి బాగానే ఉంది. అడ్డపొగ తాగేవాళ్ళలో కొందరికి ఆ తెలుపూ ఎర్రచుక్కలూ కనిపించాయి. చుట్ట అవతల పారేయమని చెప్పి, వాళ్ళను గుంటూరు తీసుకెళ్ళాను. మానేసినవాళ్ళకి కొన్ని నెలలకి అంగిలి మళ్ళీ గులాబీ రంగుకి వచ్చింది. అది చూసినప్పుడు నాకు ఆనందంతో పాటు పట్టరాని దుఃఖం వచ్చేది. మజ్జిగా సబ్జాగింజలూ తాగించిన ఆ రోజుల్లో అత్త నోరు కూడా ఇలాగే ఉండి ఉంటుంది.

చర్చిలో అత్త ముందు వరసలోనే కూర్చునేది, ప్లేటు పెట్టుకుని, పెదాలు మాత్రం కదుపుతూ. స్వరం పైకి పోతే ప్లేటు జారిపోతుందని గట్టిగా పాడేది కాదు. ఇంటి దగ్గర మాత్రం వేరు. పొద్దున్నే పెరట్లో ప్లేటు తీసి కడుక్కుంటూ పాడేది. మాటల్లేని పాట. స్వరం కొంత తెలిసేది గానీ దాని చుట్టూ అంతా గాలి, ముక్కు, ఒక రకమైన ఊళ. మొదటిసారి విన్నప్పుడు ఏ జంతువైనా దెబ్బ తగిలి మూలుగుతోందేమోనని కర్ర పట్టుకుని పరిగెత్తాను. అత్త గిన్నెలో ప్లేటు తోముతూ నన్ను చూసి నవ్వి, ప్లేటు పెట్టుకుని చెప్పింది.

"పాట యాడికీ పోలేదే. ఈ ప్లేటే అడ్డం. తీస్తే చక్కగా వచ్చిద్ది."

ఆమె తమాషాకి అనలేదు. ఎవరి గొంతు వాళ్ళకి తల లోపల్నించి వినిపిస్తుందని బళ్ళో పిల్లలకి నేనే చెప్పేదాన్ని. పాత పాటే ఆమెకు లోపల వినిపిస్తోంది. మేము వినేది ఇంకోటి. రోజూ పొద్దున్నే వంటింట్లో నిలబడి నేను అది వినేదాన్ని. పొయ్యి మీద పాలు పొంగినా కదలబుద్ధి కాదు. ఆమె లేని ఇన్నేళ్ళలోనూ కొన్ని పొద్దుటిపూటలు పెరటి వైపు తలుపు తీయడానికి చెయ్యి రాదు.

జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఈసారి మెడలో గడ్డ. ఇంకో కత్తి వద్దన్నారు డాక్టర్లే. మిగిలింది నెప్పికి మందులే అని ఆ కుర్ర డాక్టరు చెప్తుంటే, ఆ మాట అర్థం చేసుకోవడంలో మా ఆయన కంటే అత్తే ముందుంది. ఇంటికొచ్చే దారంతా బస్సు కిటికీలోంచి చేలు చూసింది. మిరప ఎర్రబడుతోంది.

ఆ ఏడు కోత పండుగకి జనం మామూలుగానే చర్చికి పంట తెచ్చారు. గుమ్మడికాయలు, కోళ్ళు, మిరపకాయల బుట్టలు, పత్తి మూటలు బల్ల ముందు వరసగా పెట్టారు. అయ్యగారు పాట నంబరు చెప్పారు. ఎవరో అందుకోబోతుంటే అత్త లేచి నిలబడింది. కొంగుతో మూతి దగ్గర కప్పుకుని ప్లేటు తీసి, రుమాల్లో చుట్టి నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది. పాట ఎత్తింది.

చర్చి మొత్తం బిగుసుకుపోయింది. రోజూ పెరట్లో నేను వినే ఆ శబ్దం, ఇప్పుడు రేకుల కప్పుకి తగిలి రెండింతలై తిరిగి వస్తోంది. ఒక చంటిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది, తల్లి బయటికి ఎత్తుకుపోయింది. కంజర పట్టుకున్న అతను చెయ్యి గాల్లోనే ఉంచేశాడు. ఏ పాటో వాళ్ళకి తెలుసు, ఏ చరణమో దొరకడం లేదు. అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. మా ఆయన మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. ఒక్క గొంతు కూడా అందుకోలేదు. ఆమె మాత్రం కళ్ళు మూసుకుని, చెయ్యి పైకెత్తి, పూర్వంలాగే, ఎక్కడా తడబడకుండా పాడుతోంది.

నాకు మాటలు తెలుస్తున్నాయి. నాకు ఒక్కదానికే తెలుస్తున్నాయి. నా గొంతు సంగతి మా బళ్ళో పిల్లల్ని అడగాలి, నేను పద్యం పాడితే వాళ్ళు బల్ల కింద దూరి నవ్వుకునేవాళ్ళు. అయినా ఆ మౌనం మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. లేచి నిలబడి, ఆమె పక్కన, ఆమె పాడుతున్న ప్రతి మాటనూ బిగ్గరగా, స్వరం లేకుండా, తాళం లేకుండా పాడాను. రెండో చరణానికి కంజర కదిలింది. వెనక నుంచి ఒకరిద్దరు సణిగినట్టు అందుకున్నారు. అంతే. చివరిదాకా మేమిద్దరమే.

ఇంటికొచ్చాక అత్త మంచం మీద వాలి, ప్లేటు అడిగి పెట్టుకుంది. ఆయాసపడుతోంది. మొహం మాత్రం చాలా రోజుల తరవాత తేటగా ఉంది. మెడ కింద గడ్డ కనపడకుండా దుప్పటి లాక్కుంది. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"బాగానే వచ్చింది గదే నా పాట?"

"బాగా వచ్చిందత్తా."

"వచ్చింది. నాకు తెలిసింది. ఆ పై చరణం కూడా అందింది." కాసేపు ఊపిరి తీసుకుంది. "నువ్వే. నువ్వు మధ్యలో దూరి అరిచి మొత్తం చెడగొట్టావు. నీ గొంతుకి జనం బిత్తరపోయి పాటే మర్చిపోయారు."

నేను ఆమె పాదాలు పట్టుకున్నాను.

"అవునత్తా" అన్నాను. "నేనే చెడగొట్టా."